దారిలో దొరకనిదే సంచిలో



సైకిల్ మీద తొలిసారి 200 కిలోమీటర్లు పోదామని పేరు ఇచ్చినవాళ్ళు, ఇవ్వాలా వద్దా అని తటపటాయిస్తున్నవాళ్ళు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరిని కదిపినా అడిగేవి రెండే ప్రశ్నలు. ఏ బ్యాగు కొనాలి? అందులో ఏమేం పెట్టుకోవాలి? ఈ వరసలోనే ఒక చిక్కు ఉంది. బ్యాగు ముందు కొంటే, అది ఎంత పెద్దదైనా నిండిపోతుంది. ఖాళీ చోటు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఇంకో చొక్కా, ఇంకో డబ్బా వచ్చి చేరతాయి. అందుకని ఈరోజు సామాను సంగతి ముందు చెబుతాను, సంచి సంగతి తర్వాత.

ఈ ప్రయాణం ఎలాంటిదో తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. దీన్ని బ్రెవే అంటారు. ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ 1921 నుంచి నడుపుతున్న పద్ధతి ఇది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండనర్స్ కింద ఊరూరి క్లబ్బులు వీటిని జరుపుతాయి. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు గడువు. 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. పందెం కాదు. ముందొచ్చినవారికీ చివరొచ్చినవారికీ దక్కే గుర్తింపు ఒక్కటే. హెల్మెట్, ముందు లైటు, వెనక లైటు, మెరిసే పట్టీల జాకెట్టు తప్పనిసరి. వీటన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. దారిలో ఎవరి సంగతి వాళ్ళే చూసుకోవాలి. తమ్ముడు వెనకాల కారులో సామాను వేసుకొని రావడం కుదరదు. మనవాళ్ళ బండి దారిలో హాజరు వేయించుకునే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప మధ్యలో సాయం చేయకూడదు. అయితే దారి పక్కన అందరికీ తెరిచి ఉండే హోటల్లో తినవచ్చు, కొట్లో కొనవచ్చు, పంక్చర్ షాపులో పని చేయించుకోవచ్చు.

సామాను జాబితా అంతా ఈ నియమంలోనే ఉంది. దారి మీద దొరికేదాన్ని మోయనక్కర్లేదు. దొరకనిదాన్ని ఇంట్లో మరిచిపోతే ప్రయాణం నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

కాబట్టి మీ దారి ఏది అన్నది మొదటి ప్రశ్న. హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే పట్టారనుకోండి. శంషాబాద్, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల, ఇలా ఊరి వెనక ఊరు తగులుతూనే ఉంటుంది. ఇడ్లీ దొరుకుతుంది, అరటిపండ్లు దొరుకుతాయి, మందుల షాపు ఉంటుంది. ఆ దారిలో మూడు పూటల తిండి కట్టుకుపోవడం అనవసరమైన బరువు. అదే శ్రీశైలం దారి పట్టి మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ కొట్లు అరుదు. రాత్రిపూట వాహనాలను లోపలికి వదలరు. ఆ దారిలో నీళ్ళు, తిండి మీ సైకిల్ మీదే ఉండాలి. కిలోమీటర్లు ఒకటే అయినా సంచి ఒకటి కాదు. వేరే ఊరివాళ్ళు వేరే దారికి రాసుకున్న జాబితాను మక్కికి మక్కి దించుకోవద్దని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఏ దారి అయినా దొరకని వస్తువు ఒకటుంది. అది ట్యూబు.

మన పల్లెల్లో సైకిల్ షాపులకు కొదవలేదు. కానీ అక్కడ ఉండేవి మామూలు సైకిళ్ళకు సరిపోయే ట్యూబులు. ఇవాళ మనం ఎక్కే రోడ్ సైకిళ్ళకు, చాలా హైబ్రిడ్లకు 700సీ చక్రాలు ఉంటాయి. ఆ సైజు ట్యూబు జిల్లా కేంద్రంలో కూడా దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని కొత్త ట్యూబులు రెండు పెట్టుకోండి. టైరు పక్కన చెక్కి ఉన్న అంకెల్ని ట్యూబు డబ్బా మీది అంకెలతో కలిపి చూడండి. ట్యూబు వాల్వు కూడా చూడండి. సన్నగా పొడుగ్గా ఉండేది ప్రెస్టా. మోటార్‌సైకిళ్ళకు ఉండే లావుపాటిది ష్రేడర్. పెట్రోల్ బంకుల్లో గాలి గొట్టం ష్రేడర్‌కే పడుతుంది. మీది ప్రెస్టా అయితే దాని మీద బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని ఉంచుకోండి. వేలి గోరంత ఉంటుంది, అతి తక్కువ ఖరీదు. అది ఉంటే చేతి పంపు మొరాయించినా లారీ టైర్లకు గాలి కొట్టే షాపులో మీ పని అయిపోతుంది. కాకపోతే అక్కడి గాలి ఒత్తిడి చాలా ఎక్కువ. గొట్టం ఒక్క క్షణం పెట్టి తీయమని చెప్పండి. లేకపోతే ట్యూబు పగులుతుంది.

మన హైవేల మీద పంక్చర్లు ఎందుకు అవుతాయో తెలిస్తే ఏం పట్టుకెళ్ళాలో తెలుస్తుంది. గాజుపెంకులు, తుమ్మముళ్ళు మీకు తెలిసినవే. వాటికంటే ఎక్కువగా ఏడిపించేది లారీ టైరు లోపలి ఉక్కు తీగ. పగిలిన లారీ టైర్ల ముక్కలు రోడ్డు అంచున పడి ఉంటాయి చూడండి, వాటిలోంచి రాలిన తీగముక్క వెంట్రుక అంత సన్నంగా ఉంటుంది. టైరులోకి దిగితే బయటికి కనిపించదు. కొత్త ట్యూబు వేసి గాలి కొట్టి బయల్దేరాక, ఐదు కిలోమీటర్లు పోయేసరికి అదే చోట మళ్ళీ గుచ్చుతుంది. ఉన్న రెండు ట్యూబులూ ఇలా ఒకే తీగకు బలైపోయినవాళ్ళను నేను చూశాను. కొత్త ట్యూబు వేసే ముందు పాత గుడ్డముక్కతో టైరు లోపలంతా తడమండి. గుడ్డ నూలు ఎక్కడ పట్టుకుంటే తీగ అక్కడే ఉన్నట్టు. దాన్ని లాగడానికి గోళ్ళు చాలవు. వెనకటి రైతులు మొలతాడుకు కట్టుకు తిరిగిన ముల్లు తీసే శ్రావణం ఇక్కడ అక్కరకొస్తుంది. ఎంత మంచి పనిముట్ల డబ్బా కొన్నా అందులో అది ఉండదు. విడిగా కొని వేసుకోండి.

దాంతో పాటు టైరు లివర్లు రెండు, చేతి పంపు, ప్యాచ్‌లు, సొల్యూషన్ ట్యూబు. సొల్యూషన్ ఒకసారి మూత తీస్తే కొన్నాళ్ళకు లోపలే ఎండిపోతుంది. ఏడాది కిందటిది నమ్ముకోవద్దు. టైరు పక్కన చీలితే లోపల వేయడానికి పాత టైరు ముక్క, వేలెడంత, ఒకటి. చైను తెగితే కలిపే క్విక్ లింకు మీ చైనుకు సరిపోయేది. గేర్ల సంఖ్యను బట్టి అది మారుతుంది. ఏడు గేర్ల చైనుది పదకొండు గేర్ల చైనుకు పట్టదు. చైను పిన్ను తోసే పరికరం ఉన్న మల్టీటూల్ ఒకటి. ప్లాస్టిక్ జిప్ టైలు నాలుగు. పంపు హ్యాండిల్‌కు నాలుగు చుట్లు చుట్టిన కరెంటు టేపు. పనిముట్లకు ఇంతే చాలు. వీటిని వాడటం రాకపోతే మాత్రం వీటి వల్ల ప్రయోజనం లేదు. వెనక చక్రం విప్పి ట్యూబు మార్చి మళ్ళీ బిగించడం ఇంటి వసారాలో, ఒకసారి లైటు ఆర్పేసి కూడా, చేసి చూడండి.

ఇక వెలుతురు. 200 కిలోమీటర్లు పగటి ప్రయాణమే కదా అని చిన్న లైటుతో సరిపెట్టుకునేవాళ్ళు ఉంటారు. పొద్దున 6కు బయల్దేరితే గడువు ముగిసేది రాత్రి 7:30కు. డిసెంబరులో మన దగ్గర ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. అంటే తొలిసారి వెళ్ళేవారు, కాళ్ళు బాగా అలిసిన ఆఖరి గంటన్నర చీకట్లో తొక్కాల్సి రావచ్చు. హైవే మీద వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు మీరు కనిపించడం ఒక్కటే మీ ప్రాణానికి కాపలా. వెనక లైట్లు రెండు ఉండాలన్నది నా పట్టు. ఒకటి ఆరిపోతే మీకు తెలియదు, ఎందుకంటే అది మీ వెనక ఉంది. ముందు లైటు చార్జింగ్‌తో నడిచేదైతే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, దాని కేబులు పెట్టుకోండి. ఆ కేబులు లైటుకు సరిపడుతుందా, ఫోనుకు మాత్రమేనా అని ఇంట్లోనే గుచ్చి చూడండి.

తిండి, నీళ్ళ గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. ఎక్కువమంది ప్రయాణం మధ్యలో మానుకునేది కాళ్ళు చాలక అనుకుంటారు. నేను చూసినంతలో కడుపు చెడి, నీరు తగ్గి ఆగినవాళ్ళే ఎక్కువ. ఎండలో గంటల తరబడి తొక్కితే చెమటతో నీరు ఒక్కటే పోదు, ఉప్పు కూడా పోతుంది. ఒట్టి నీళ్ళు అదే పనిగా తాగితే రక్తంలో ఉప్పు ఇంకా పలచబడుతుంది. తల తిరుగుడు, వాంతి మొదలవుతాయి. అందుకే ఓఆర్ఎస్ ప్యాకెట్లు మూడు నాలుగు పెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ప్రకారం ఒక ప్యాకెట్ 20.5 గ్రాములు, ఒక లీటరు నీటికి. అర లీటరు సీసాలో మొత్తం పొడి పోస్తే మేలు కంటే కీడు ఎక్కువ. కొట్లలో అట్టపెట్టెల్లో చల్లగా అమ్మే తియ్యటి పానీయాలను చాలాకాలం ఓఆర్ఎస్ అన్న పేరుతోనే అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వేయకూడదని ఆదేశించింది. ఆమె పట్టుదల మనలాంటి సైకిల్‌వాళ్ళకు కూడా మేలు చేసింది. మందుల షాపులో అడిగి, పొడి ప్యాకెట్ మీద లెక్క చదివి కొనండి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

నీళ్ళ సీసాలు ముప్పావు లీటరువి రెండు. ఒకదానిలో ఒట్టి నీళ్ళు, ఇంకొకదానిలో ఓఆర్ఎస్. నీరు లీటరుకు కిలో బరువు. అందుకని ఊళ్ళున్న దారిలో మూడో సీసా వద్దు, అడవి దారిలో తప్పదు.

తిండికి మన ఇంట్లో ఉన్నవే చాలు. పల్లీపట్టీ, ఖర్జూరాలు, బెల్లం ముక్కలు. కరగవు, పాడవవు, నలిగినా తినవచ్చు. చాక్లెట్ ఎండకు కరిగి సంచి అంతా పూసుకుంటుంది. పులిహోర పొట్లం మీద ఇష్టం ఉన్నవారు మొదటి వంద కిలోమీటర్లలోపే తినేయండి. ఫ్రాన్స్‌లో నూరేళ్ళ కిందట పాల్ ద వీవీ అనే ఆయన ఉండేవాడు. వెలోసియో అన్న కలం పేరుతో సైకిల్ పత్రిక నడిపాడు. సైకిల్‌కు అనేక గేర్లు ఉండాలని వాదించిన తొలితరం మనిషి. ఆకలి వేసేదాకా, దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టేనని ఆయన దూర ప్రయాణికులకు బోధించాడు. ఆ మాటకు బ్యాగు ఎంపికతో నేరుగా సంబంధం ఉంది. తిండి సీటు వెనక సంచిలో ఉంటే దిగి, జిప్పు తీసి, వెతికి తినాలి. బద్ధకించి తినరు. అదే హ్యాండిల్ దగ్గర చేతికి అందేచోట ఉంటే ఇరవై నిమిషాలకోసారి చెయ్యి తనంతట తానే పోతుంది.

ఇక్కడ చిన్న లెక్క చెబుతాను. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కగలిగితే 200కు 10 గంటలు, ఆగడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. 18 కిలోమీటర్లే తొక్కగలిగితే 11 గంటల 7 నిమిషాలు పడుతుంది, మిగిలేది 2 గంటల 23 నిమిషాలు. తొలిసారి వెళ్ళేవారి వేగం ఈ రెండోదే అనుకోండి. అందులోనే భోజనం, పంక్చరు, కంట్రోల్ పాయింట్లు, కాలకృత్యాలు అన్నీ జరగాలి. ఆగిన ప్రతిసారీ సంచి అడుగున ఉన్నదాని కోసం పది నిమిషాలు కెలికితే గడువు అక్కడే కరిగిపోతుంది. 70 కిలోల మనిషి, 12 కిలోల సైకిల్ కలిసి 82 కిలోలు. దాని మీద అరకిలో ఎక్కువైతే చదును రోడ్డు మీద తేడా తెలియదు. వెతుకులాట మాత్రం తెలుస్తుంది. బ్యాగును బరువు కంటే ముందు ఈ కొలతతో చూడండి. అలసిన చేత్తో, చీకట్లో, కావలసిన వస్తువు ఎంతసేపట్లో దొరుకుతుంది?

ఇప్పుడు సంచుల దగ్గరికి వచ్చాం.

వీపు మీద వేసుకునే బ్యాగు వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ముందుకు వంగి గంటల కొద్దీ కూర్చున్నప్పుడు ఆ బరువంతా నడుము మీద, మెడ మీద, చివరికి సీటు మీద పడుతుంది. వీపుకు గాలి తగలక ఒళ్ళు చల్లబడదు. మన ఎండలకు అది ప్రమాదం. బరువు సైకిల్ మీద ఉండాలి, మనిషి మీద కాదు.

సైకిల్ మీద ఎక్కడ అన్నదానికి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది. పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి తిరిగి పారిస్ చేరే 1200 కిలోమీటర్ల ప్రయాణం 1891లో మొదలైంది. ఇప్పుడది నాలుగేళ్ళకోసారి జరుగుతోంది. వచ్చేది 2027లో. ఆ సంప్రదాయంలో పెరిగిన ఫ్రెంచివాళ్ళు హ్యాండిల్ ముందు పెట్టెలాంటి సంచి కట్టుకున్నారు. పైన పారదర్శకమైన జేబులో దారి పటం, లోపల తిండి, జాకెట్టు, అన్నీ కళ్ళెదుటే. ముందు బరువును తట్టుకునేలా ముందు ఫోర్కు వంపును కూడా మార్చుకున్నారు. ఇంగ్లండువాళ్ళు సీటు వెనక అడ్డంగా కాన్వాస్ సంచి వేలాడదీశారు. లాంకషైర్‌లోని నెల్సన్ అనే ఊళ్ళో కారడైస్ సంస్థ 1930ల నుంచి వాటిని కుడుతోంది. వానకు తడిసిన నూలు ఉబ్బి నీటిని లోపలికి రానివ్వదు. సరైన గుడ్డ పడితే సంచికి ప్లాస్టిక్ అక్కర్లేదని అది చూపించింది. తర్వాత అలాస్కా మంచుదారుల్లో పోటీలకు వెళ్ళేవాళ్ళు క్యారియర్ లేకుండా బెల్టులతో నేరుగా ఫ్రేమ్‌కు కట్టే మెత్తటి సంచులకు ప్రచారం తెచ్చారు. ఇవాళ షాపుల్లో బైక్‌ప్యాకింగ్ బ్యాగులని అమ్మేవి ఆ సంతతివే.

మనవాళ్ళు ఎక్కువగా కొనేది ఈ చివరి రకం. అందులోనూ సీటు వెనక తోకలా పొడుచుకొచ్చే పొడుగు సంచి. 200 కిలోమీటర్లకు దాని అవసరం లేదని నా అభిప్రాయం. అది సీటు కింది కమ్మీలకు, సీటు గొట్టానికి మాత్రమే కట్టి ఉంటుంది. మిగతా పొడవంతా గాలిలో వేలాడుతుంది. చివర బరువు పడితే, మీరు లేచి నిలబడి తొక్కినప్పుడల్లా అది ఒక పక్కకు, సైకిల్ ఇంకో పక్కకు ఊగుతాయి. బండిలో బరువంతా వెనక వేస్తే ఎడ్ల మెడ మీద కాడి పైకి లేస్తుందని మన రైతులకు చెప్పనక్కర్లేదు. సైకిల్‌కు కూడా అంతే. వెనక అతిగా బరువైతే ముందు చక్రం తేలికై హ్యాండిల్ వణుకుతుంది. 400, 600 కిలోమీటర్లకు వెళ్ళే రోజున ఆ సంచి తప్పకపోతే, ట్యూబులు, పనిముట్లలాంటి గట్టి బరువులు సీటు గొట్టానికి ఆనుకొని లోపలికి, జాకెట్టు, మేజోళ్ళలాంటి తేలికపాటివి చివరకు సర్దండి. గాలి అంతా పిండేసి, మూతి గట్టిగా చుట్టి బెల్టు బిగించండి. పొట్టివారికి ఇంకో ఇబ్బంది ఉంది. సీటు కిందికి ఉంటుంది కాబట్టి గుంటల్లో సంచి అడుగు వెనక టైరుకు రాసుకుంటుంది. వారికి చిన్న క్యారియర్ మీద కట్టే సంచే మంచిది.

200 కిలోమీటర్లకు మూడు చిన్న సంచులు చాలు. సీటు కింద చిన్న గట్టి సంచి, అందులో ట్యూబులు, పనిముట్లు. పంక్చరైతే తప్ప దాన్ని తెరవరు. హ్యాండిల్ వెనక పై పైపు మీద కూర్చునే చిన్న సంచి, అందులో తిండి, పవర్ బ్యాంకు, డబ్బు, హాజరు వేయించుకునే బ్రెవే కార్డు ఇస్తే ఆ కార్డు. ఫ్రేమ్ త్రికోణంలో పై సగానికి మాత్రమే సరిపోయే సంచి, అందులో వానకోటు, ఓఆర్ఎస్, మందులు. త్రికోణమంతా నింపే ఫ్రేమ్ బ్యాగు నీళ్ళ సీసాల చోటు తినేస్తుంది. చలిదేశాల్లో అది నడుస్తుంది, మన దగ్గర సీసాలకే మొదటి హక్కు. ఈ మూడూ కలిపి ఐదారు లీటర్లు మించవు. నీళ్ళు కాక సామానంతా రెండు కిలోలు దాటితే మళ్ళీ ఒకసారి పరిచి చూసుకోండి.

ఫ్రేమ్ బ్యాగు మరీ మందంగా ఉంటే తొక్కిన ప్రతిసారీ మోకాలు రాసుకుంటుంది. కిలోమీటరులో అది చిన్న విషయం, నూరు కిలోమీటర్లకు చర్మం లేచిపోతుంది. షాపులో సైకిల్‌కు తగిలించి, ఎక్కి, పెడల్ తిప్పి చూడకుండా కొనవద్దు. ధర ఎక్కువని వెనకాడేవారికి ఒక మార్గం ఉంది. సైకిల్‌ను గోడకు చేర్చి, ఫ్రేమ్ వెనక అట్టముక్క పెట్టి, మీకు కావలసినంత భాగం పెన్సిల్‌తో గీయండి. సీసా తీసి పెట్టే చోటు వదిలి గీయాలి. ఆ అట్టను మీ ఊళ్ళో స్కూలు బ్యాగులు కుట్టేవారి దగ్గరికి తీసుకెళ్ళండి. మందపాటి నైలాన్ గుడ్డ, లావు పళ్ళ జిప్పు, వెల్క్రో బెల్టులు చాలు. సన్న జిప్పు మాత్రం ఒప్పుకోవద్దు. దుమ్ము పడితే మొదట తెగేది అదే. మీ సైకిల్ కొలతకు కుట్టింది షాపులో కొన్నదానికంటే బాగా కూర్చుంటుంది.

బెల్టులు రాసుకునే చోట ఫ్రేమ్‌కు పలచని టేపు వేయండి. వెనక లైటును సంచి మీద తగిలించవద్దు. సంచి కుంగితే లైటు నేలను చూస్తుంది. చక్రం పక్కన ఫ్రేమ్ పైపుకు బిగించండి. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా జిప్పుల్లోంచి నీరు దిగుతుంది. ఫోను, డబ్బు, మందులు ప్లాస్టిక్ కవర్లలో వేసి పెట్టండి. ఒక్కో రకానికి ఒక్కో రంగు కవరు అయితే చీకట్లో టార్చి వెలుగులో ఇట్టే తెలుస్తుంది.

బట్టలు తక్కువే. పలచని వానకోటు చలికీ గాలికీ కూడా పనికొస్తుంది. తడిసిన మేజోళ్ళతో కాళ్ళు బొబ్బలెక్కుతాయి కాబట్టి ఇంకో జత. ఒరుసుకునే చోట్ల రాయడానికి పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా. మీకు రోజూ వేసుకునే మందులుంటే అవి, బ్యాండేజీ, ఆధార్ జిరాక్సు, చిల్లర నోట్లు. నెట్‌వర్క్ లేని చోట ఫోన్లో డబ్బు పనిచేయదు, టీ కొట్టు పెద్దాయనకు పది రూపాయల నోటే కావాలి.

ఆడవాళ్ళు ఈ ప్రయాణాలకు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నారు. నాకు చాలా సంతోషం కలిగించే మార్పు ఇది. మన హైవేల మీద వారికి శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం నేటికీ కష్టమే. ఆ భయంతో నీళ్ళు తాగడం తగ్గిస్తారు, దాంతో ఒంట్లో నీరు తగ్గుతుంది. అమ్మా, దయచేసి అలా చేయకండి. దారిలో పెట్రోల్ బంకులు ఎక్కడున్నాయో ముందే పటంలో గుర్తు పెట్టుకోండి. పేపర్ సోపు, శానిటరీ ప్యాడ్లు, చెత్తకు ఒక నల్ల కవరు చేతికందే సంచిలోనే ఉంచుకోండి. తేదీ కాకపోయినా ప్యాడ్లు పెట్టుకోండి, ఇంకొకరికైనా అక్కరకొస్తాయి.

అన్నీ సర్దాక ఒక పని మిగిలి ఉంటుంది. అసలు రోజుకు రెండు వారాల ముందు, ఇవే సంచులు, ఇదే బరువు, ఇవే సీసాలతో 70, 80 కిలోమీటర్లు వెళ్ళి రండి. గుంటలున్న రోడ్డు కూడా కొంత ఉండేలా చూసుకోండి. ఏ సంచి టకటక కొడుతోంది, ఏది జారుతోంది, తిండి ఎడమ చేత్తో తీయగలుగుతున్నారా, ఇవన్నీ ఆ రోజే బయటపడతాయి. తిరిగొచ్చాక సామానంతా చాప మీద పరచండి. వాడినవి ఒక పక్క, వాడనివి ఒక పక్క. వాడనివాటిలో ట్యూబు, లైటు, మందులు, వానకోటు లాంటి ఆపదకు ఉంచుకున్నవి తప్ప మిగతావన్నీ ఇంట్లో వదిలేయండి. ఆ తర్వాత సర్దిన తీరు మార్చవద్దు. ప్రయాణానికి ముందు రాత్రి ఎవరో చెప్పారని కొత్త బ్యాగు తగిలించవద్దు.

పేరు ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు ఇవ్వండి. 200 కిలోమీటర్లు మామూలు మనుషులు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, యాభై దాటినవాళ్ళు, తల్లులు ప్రతి నెలా పూర్తి చేస్తున్న దూరం. ఇప్పటికే ఇచ్చినవారు ఈ ప్రసంగం ముగిశాక సైకిల్ దగ్గరికి వెళ్ళి, టైరు పక్కనున్న అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. రేపు ట్యూబులు కొనేటప్పుడు ఆ కాగితం మీ చేతిలో ఉండాలి.